లాటరీ తగిలింది… పేరు మాత్రం చెప్పకండి

◆ పైకి చెప్పుకోకూడనివి తొమ్మిది అని మన పెద్దలు లెక్క కట్టారు. వాటినే నవగోప్యాలంటారు. ఆ వరసలో వయసు తర్వాత వచ్చేది డబ్బే. ఇంటిగుట్టు, మంత్రం, మందు, జరిగిన అవమానం అన్నీ దాని వెనకే. లాటరీ గెలిచినవాళ్ళ పేర్లు ఏ దేశంలో చాటింపు వేస్తారో, ఏ దేశంలో దాచిపెడతారో వరసపెట్టి చదువుతూ పోతే, డబ్బును అంత ముందు ఎందుకు పెట్టారో నాకు బాగా అర్థమైంది.

◆ 2022 సెప్టెంబరులో కేరళ ప్రభుత్వం తీసిన తిరువోణం బంపర్ మొదటి బహుమతి 25 కోట్లు. టికెట్టు ఖరీదు 500 రూపాయలు. అది తగిలింది తిరువనంతపురంలో ఒక ఆటో డ్రైవరుకి. టికెట్టు కొనడానికి ఓ 50 రూపాయలు తక్కువైతే పిల్లాడి డిబ్బీ పగలగొట్టి తీసుకున్నాడు. వంటపనికి మలేషియా వెళ్దామని బ్యాంకు అప్పుకు కాగితాలు పెట్టుకున్న మనిషి. తెల్లారేసరికి రాష్ట్రమంతా అతని ముఖం టీవీల్లో చూసింది.

వారం తిరక్కముందే అతను వీడియో పెట్టి గోడు వెళ్ళబోసుకున్నాడు. పొద్దున్నే గుమ్మం ముందు జనం. సాయం చేయమనేవాళ్ళు, అప్పు తీర్చమనేవాళ్ళు. సొంత ఇంట్లో ఉండలేక చుట్టాల ఇళ్ళకు మారాడు. బిడ్డకు ఒంట్లో బాగోకపోతే ఆసుపత్రికి తీసుకెళ్ళడం కూడా గగనమైంది. ఈ మొదటి బహుమతి రాకపోయినా బాగుండేది, మూడోది వచ్చినా చాలు అన్నాడు. అప్పటికి రూపాయి కూడా అతని చేతికి అందలేదు.

ఇక్కడ చిన్న లెక్క చూడాలి. 25 కోట్లలో ఏజెంటు కమీషన్ 10 శాతం, అంటే రెండున్నర కోట్లు పోతుంది. మిగిలిన ఇరవై రెండున్నర కోట్ల మీద 30 శాతం పన్ను, అంటే మరో 6 కోట్ల 75 లక్షలు. ఈ రెండూ పోను చేతికి వచ్చేది 15 కోట్ల 75 లక్షలు. అదీ చిన్న మొత్తం కాదు. కానీ గుమ్మం ముందు నిలబడ్డవాళ్ళ కళ్ళలో ఉన్న అంకె 25. ఆ తర్వాత కేరళలో బంపర్ తగిలినవాళ్ళు తమ పేరు బయటపెట్టొద్దని లాటరీ శాఖను అడుక్కోవడం మొదలైంది. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందన్న సామెత వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది.

◆ సిడ్నీ ఒపేరా హౌస్ ఫోటో చూడనివాళ్ళు ఉండరు. తెల్లటి తెరచాపల్లాంటి ఆ కప్పులకు డబ్బు చాలావరకు లాటరీ టికెట్ల మీదే వచ్చిందని మాత్రం చాలామందికి తెలియదు. 1973లో పూర్తయ్యేనాటికి ఖర్చు 10 కోట్ల 20 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు. అందులో సింహభాగం ఒపేరా హౌస్ లాటరీలదే.

ఆ లాటరీల్లో ఒకటి 1960 జూన్‌లో తీశారు. మొదటి బహుమతి లక్ష పౌండ్లు. గెలిచింది ఊరూరా తిరిగి సరుకు అమ్ముకునే ఒక సేల్స్‌మన్. అప్పటి ఆనవాయితీ ప్రకారం పేరూ చిరునామా పేపర్లలో అచ్చయ్యాయి. ఎవరికీ తప్పుగా తోచలేదు.

ఆ చిరునామా పట్టుకుని ఒకడు ఇంటికి వచ్చాడు. తాను డిటెక్టివునని చెప్పి, ఎవరిదో పేరు అడిగి, మాటల్లో మాటగా ఆ ఇంటి ఫోన్ నంబరు సరిచూసుకుని వెళ్ళాడు. జూలై 7 పొద్దున, సేల్స్‌మన్ ఎనిమిదేళ్ళ కొడుకు రోజూ నిలబడే వీధి మలుపుకే నడిచి వెళ్ళాడు. బడికి తీసుకెళ్ళే కుటుంబ స్నేహితురాలు కారులో వచ్చేసరికి పిల్లవాడు లేడు. కాసేపటికి ఫోన్ మోగింది. 25 వేల పౌండ్లు కావాలంది అవతలి గొంతు.

ఆగస్టు 16న పిల్లవాడి శవం దొరికింది. ఒక కంబళిలో చుట్టి ఉంది. బట్టలకు అంటుకున్న గులాబి రంగు సున్నపు రేణువులను, రెండు రకాల సైప్రస్ చెట్ల తునకలను పరిశోధకులు ఏరి తీశారు. గులాబి రంగు సున్నంతో కట్టిన గోడ, ముంగిట్లో ఆ రెండు రకాల చెట్లు, రెండూ ఉన్న ఇల్లు కోసం వెతికారు. దొరికింది. ఆ ఇంట్లో ఉండి ఖాళీ చేసి వెళ్ళినవాడు అప్పటికే ఓడెక్కాడు. కొలంబోలో ఓడ ఆగినప్పుడు పట్టుకున్నారు. 1961లో యావజ్జీవ శిక్ష పడింది. ఆస్ట్రేలియాలో డబ్బు కోసం పిల్లల్ని ఎత్తుకుపోవడం అంతకుముందు ఎరగరు. ఆ తర్వాతే అక్కడ గెలిచినవాళ్ళకు పేరు దాచుకునే హక్కు వచ్చింది.

ఈ సంగతి రాస్తుంటే నా చెయ్యి రెండుసార్లు ఆగింది. ఆ చిరునామా అచ్చయినందువల్ల పాఠకులకు ఒరిగిందేమిటో ఎంత ఆలోచించినా నాకు తట్టలేదు.

◆ జమైకాలో సూపర్ లాటో గెలిచినవాళ్ళు చెక్కు అందుకోవడానికి ముసుగు వేసుకుని వస్తారు. 2018లో ఒకామె నవ్వుముఖం ఇమోజీ మాస్కుతో వచ్చింది. 2019లో ఒకతను హాలీవుడ్ భయానక సినిమాలోని తెల్లముసుగు తగిలించుకుని వచ్చి, పెద్ద చెక్కు పట్టుకుని ఫోటో దిగాడు. చూసి ప్రపంచమంతా నవ్వింది. అతను మాత్రం నేరస్థుల భయం అంతగా ఉన్న దేశంలో తన ఇంటికి క్షేమంగా చేరుకోవాలనుకున్నాడు.

◆ చైనాలోని నానింగ్‌లో 2022లో ఒకాయనకు 21 కోట్ల 90 లక్షల యువాన్లు తగిలాయి. ఒళ్ళంతా కప్పే పసుపుపచ్చ బొమ్మ వేషంలో వచ్చి తీసుకున్నాడు. 50 లక్షల యువాన్లు అక్కడికక్కడే దానం చేశాడు. భార్యకూ బిడ్డకూ ఇంకా చెప్పలేదన్నాడు.

◆ అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రంలో 2012లో ముగ్గురు బడి ఉద్యోగులు కలిసి కొన్న టికెట్టుకు మెగా మిలియన్స్‌లో 21 కోట్ల డాలర్లకు పైగా వాటా వచ్చింది. ఆ రాష్ట్రంలో పేరు చెప్పనక్కర్లేదు. ఫోటోలో ముగ్గురూ పెద్ద చెక్కును ముఖాలకు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు.

◆ అమెరికాలో ఈ విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం. టెక్సస్‌లో పది లక్షల డాలర్లు, ఆపైన గెలిస్తే పేరు దాచుకోవచ్చు. కాలిఫోర్నియాలో కుదరదు. మనవాళ్ళు వేల కుటుంబాలుగా స్థిరపడ్డ రాష్ట్రాలే రెండూ.

◆ సంతకం ఖరీదు ఎంత ఉంటుంది? 2018 జనవరిలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ఒకామెకు పవర్‌బాల్‌లో దాదాపు 56 కోట్ల డాలర్ల జాక్‌పాట్ తగిలింది. టికెట్టు వెనక ఉన్న సూచన చదివి, బుద్ధిగా తన పేరు రాసి సంతకం చేసింది. తర్వాత లాయరు దగ్గరికి వెళ్తే తెలిసింది: అక్కడ ట్రస్టు పేరు మీద డబ్బు తీసుకోవచ్చు. వెనక తన పేరుకు బదులు ట్రస్టు పేరు రాసి ఉంటే ఎవరికీ తెలిసేదే కాదు. ఇప్పుడు కొట్టేసి రాస్తే టికెట్టే చెల్లదు. రాసిన కాగితం సర్కారుది, అడిగితే చూపించాల్సిందే అన్నారు అధికారులు.

ఆమె కోర్టుకెక్కింది, అదీ మారుపేరుతోనే. మార్చిలో జడ్జి ఆమె పేరు బయటపెట్టొద్దని, ఊరిపేరు చెబితే చెప్పుకోవచ్చని తీర్పిచ్చాడు. డబ్బులోంచి మొదటి దానాలను లాయర్లే ఆమె తరఫున పంచిపెట్టారు. దానం తీసుకున్నవాళ్ళకు కూడా దాత ముఖం తెలియదు. గుప్తదానం పుణ్యం ఎక్కువని నమ్మే మనకు ఇది వింతగా అనిపించదు.

◆ అవతలి వాదన కూడా బలమైనదే. పేరు దాస్తే దొంగలకు సందు దొరుకుతుంది. దానికి సాక్ష్యం అయోవా రాష్ట్రం. 2010 డిసెంబరులో హాట్ లాటో లాటరీలో కోటీ 65 లక్షల డాలర్లు తగిలిన టికెట్టు ఒక పెట్రోలు బంకు దుకాణంలో అమ్ముడైంది. దాదాపు ఏడాది ఎవరూ రాలేదు. కెనడా నుంచి ఒకాయన ఫోన్ చేశాడు గానీ టికెట్టు కొన్నరోజు ఏ బట్టలు వేసుకున్నాడో తప్పు చెప్పాడు. గడువు ఇంకో రెండు గంటల్లో ముగుస్తుందనగా, బెలీజ్ దేశంలోని ఏదో ట్రస్టు తరఫున న్యూయార్క్ లాయరు టికెట్టు పంపాడు. కొన్నదెవరో చెప్పండి, అప్పుడే డబ్బు అన్నారు అధికారులు. చెప్పకుండా దావా వెనక్కి తీసుకున్నారు.

కోట్ల డాలర్లు వదులుకునేవాడు ఎవడని ఆరా తీస్తే చివరికి తేలింది ఎడ్డీ టిప్టన్ అనే ఉద్యోగి. లాటరీలు నడిపే సంఘంలోనే కంప్యూటర్ భద్రత చూసేవాడు. ఏడాదిలో కొన్ని తేదీల్లో ఏ అంకెలు వస్తాయో తనకు ముందే తెలిసేలా ప్రోగ్రాములో కోడ్ దూర్చాడు. దుకాణం కెమెరాలోని దృశ్యం, గొంతు జనంలో పెట్టాక తోటి ఉద్యోగులే గుర్తుపట్టారు. 2017లో 25 ఏళ్ళ దాకా జైలు పడింది. కొలరాడో, విస్కాన్సిన్, కాన్సస్, ఓక్లహామాలలో కూడా అదే పని చేశాడని బయటపడింది.

నన్ను అడిగితే ఈ కథ చెప్పేది వేరు. అయోవా అధికారులు పేరు చాటమనలేదు, తమకు చెప్పమన్నారు. ఆ ఒక్క ప్రశ్నతోనే దొంగ నోరు మూతపడింది. నేరం అని అనుమానం వచ్చాకే వీడియో జనంలోకి వెళ్ళింది. మన దేశంలో గెలిచిన టికెట్టును నల్లడబ్బుతో కొని తెల్లగా మార్చుకునేవాళ్ళను పట్టుకోవాలన్నా పేరు కావాల్సింది ఆదాయపన్ను శాఖకు, ఆడిటరుకు. వీధి చివర బడ్డీకొట్టుకు కాదు.

◆ కెనడాలోని ఒంటారియోలో ఇంకో రకం మోసం జరిగింది. టికెట్టు సరిచూడమని ఇస్తే, తగల్లేదని చెప్పి దుకాణం వాళ్ళే డబ్బు కాజేశారు. 2007లో అక్కడి అంబుడ్స్‌మన్ విచారణ తర్వాత అమ్మేవాళ్ళు గెలిస్తే గట్టిగా తనిఖీ చేస్తున్నారు. ఇదీ లోపలివాళ్ళ మీద పెట్టాల్సిన కన్నే.

◆ బ్రిటన్‌లో గెలిచినవాళ్ళు ప్రచారం వద్దంటే వద్దే. ఎక్కువమంది వద్దనే అంటారు. కానీ 1994 డిసెంబరులో, లాటరీ మొదలైన కొత్తలో, బ్లాక్‌బర్న్‌లో ఒక ఫ్యాక్టరీ కార్మికుడికి దాదాపు కోటీ 80 లక్షల పౌండ్లు వచ్చాయి. పేరు చెప్పొద్దన్నాడు. పేపర్లు ఊరుకోలేదు, వెతికి బయటపెట్టాయి.

◆ హైదరాబాద్‌లో పుట్టి షికాగోలో బట్టలు ఉతికే దుకాణాలు నడుపుకున్న ఒకాయనకు 2012లో గీకుడు టికెట్టు మీద పది లక్షల డాలర్లు వచ్చాయి. పెద్ద చెక్కుతో ఫోటో దిగాడు. మొత్తం ఒకేసారి తీసుకుంటే పన్ను పోను నాలుగు లక్షల పాతికవేల దాకా మిగిలాయి. జూలై 19న చెక్కు తయారైంది. మర్నాడు ఆయన చనిపోయాడు. మామూలు చావే అనుకున్నారు. బంధువు పట్టుబట్టి మళ్ళీ పరీక్ష చేయిస్తే రక్తంలో సయనైడ్ తేలింది. చంపిందెవరో తేలలేదు. గెలిచిన వార్తకూ చావుకూ ముడి ఉందని ఎవరూ రుజువు చేయలేదు, నేనూ అనను. ఆ ఫోటో మాత్రం మనసులోంచి పోదు.

◆ ఆంధ్ర, తెలంగాణల్లో లాటరీ అమ్మకాలు లేవు. అయినా గల్ఫ్ లాటరీల్లో మనవాళ్ళ పేర్లు తరచూ వినబడతాయి. 2019లో నిజామాబాద్ జిల్లా రైతు ఒకాయన భార్య దగ్గర 20 వేల రూపాయలు తీసుకుని స్నేహితుడితో అబుదాబిలో టికెట్టు కొనిపిస్తే కోటీ 50 లక్షల దిర్హాములు వచ్చాయి. 2025 అక్టోబరులో అబుదాబిలో ఉంటున్న తెలుగు యువకుడికి పది కోట్ల దిర్హాములు తగిలాయి. లాటరీవాళ్ళు మొదట ఇంటిపేరును ఒక్క పొడి అక్షరంగానే చెప్పారు. ఆ తర్వాత అతను కెమెరా ముందుకు వచ్చి మాట్లాడాడు.

అబుదాబిలో పేరున్న ఇంకో డ్రాలో పద్ధతి వేరు. వేదిక మీద నుంచే గెలిచినవాడికి ఫోన్ చేస్తారు. లక్షలమంది చూస్తుంటారు. అవతల మనవాడు ఏ లేబర్ క్యాంపులోనో, బండి నడుపుతూనో ఫోన్ ఎత్తుతాడు. పూర్తి పేరు పలికి, మీరేనా అని అడుగుతారు. ఆ పేరు పలికేముందు, లైను ఒక్క నిమిషం పక్కకు తీసి, అందరికీ చెప్పమంటారా వద్దా అని అతన్నే అడగాలి.