నాగపూర్ నాయుడుగారి రెండవ ఇన్నింగ్స్

1926 డిసెంబరు. బొంబాయి జింఖానా మైదానం. ఆర్థర్ గిల్లిగన్ నాయకత్వాన ఇంగ్లండు నుంచి వచ్చిన ఎం.సి.సి. జట్టు హిందూ జట్టుతో ఆడుతున్నది. దొరల జట్టులోని గై ఎర్ల్ సిక్సర్లు బాది మైదానాన్ని దద్దరిల్లజేసి వెళ్ళాడు. అటువంటి ఆట మనవాళ్ళకు ఎక్కడ చేతనవుతుందని చూడవచ్చిన వారిలో చాలామంది అనుకొని ఉంటారు. అప్పుడు ఆరడుగుల పైచిలుకు ఎత్తున్న ఒక సన్నని మనిషి, వెన్ను నిటారుగా నిలిపి, తొందర ఏమాత్రం లేకుండా బ్యాటు పట్టుకొని వచ్చారు. ఆయన 116 నిమిషాలలో 153 పరుగులు చేశారు. అందులో పదకొండు సిక్సర్లు.

ఆ మనిషి పేరు కొఠారి కనకయ్య నాయుడు. లోకానికి సి. కె. నాయుడు. భారతదేశం టెస్టు క్రికెట్టు ఆడడానికి తగినదేననే నమ్మకం ఆ సాయంత్రమే గట్టిపడిందని క్రికెట్టు చరిత్రకారులు చెబుతారు. 1928లో మన క్రికెట్టు బోర్డు ఏర్పడింది. 1932లో మొదటి టెస్టు జరిగింది. ఆ టెస్టులో మనకు నాయకత్వం వహించినది నాయుడుగారే.

ఈ కథ చాలామంది ఎరిగినదే. నేను చెప్పదలచినది తరువాతి కథ. నాయకత్వం చేజారిన తరువాత ఆ మనిషి ఏమి చేశారు? నలభై ఏళ్ళు నిండిన తరువాత ఎవరికి ఏమి నేర్పారు?

కాని ముందుగా ఒక చిన్న చిక్కు తీర్చుకోవాలి. నేను ఉంటున్నది బిలాస్‌పూర్‌లో, రైల్వే కాలనీకి కూతవేటు దూరంలో. ఈ ఊళ్ళో ‘కోచ్’ అంటే రైలుపెట్టె. క్రికెట్టు నేర్పేవాడిని కూడా అదే మాటతో పిలుస్తారని చిన్నప్పుడు విని నవ్వుకున్నాను. అనువాదం వృత్తిగా పట్టిన తరువాత నిఘంటువులు తిరగవేస్తే తెలిసింది, ఆ రెండు మాటలూ నిజంగా ఒకటేనని. హంగరీ దేశంలో కోచ్ అనే పల్లె గుర్రపు బండ్లకు ప్రసిద్ధి. ఊరి పేరు బండికి వచ్చింది. బండి పేరు, విద్యార్థిని పరీక్ష అనే ఏరు దాటించే గురువుకు ఆక్స్‌ఫర్డు కుర్రవాళ్ళు తగిలించారు. అక్కడినుంచి ఆటస్థలానికి దిగింది. ‘శిక్షకుడు’ అని తెలుగు చేస్తే దండించేవాడు స్ఫురిస్తాడు. ‘గురువు’ అంటే మరీ బరువు. నాయుడుగారి విషయంలో మాత్రం రెండూ సరిపోతాయి.

ఆయన కాలంలో కోచ్ అనే ఉద్యోగం భారత జట్టుకు లేదు. ఒకప్పటి నాయకుడే తరువాత శిక్షకుడు కావడం ఈనాడు మనకు మామూలు సంగతి. అనిల్ కుంబ్లే, రాహుల్ ద్రావిడ్ ఆ పని చేశారు. సికిందరాబాదులో పుట్టిన పూర్ణిమా రావు 1995లో మహిళల జట్టుకు నాయకురాలు. రెండు దశాబ్దాల తరువాత అదే జట్టుకు శిక్షకురాలు. నాయుడుగారికి అటువంటి నియామక పత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆయన నాయకత్వం చేస్తూనే నేర్పారు, నేర్పుతూనే ఆడారు.

నాయుడుగారు పుట్టినది 1895 అక్టోబరు 31న, నాగపూరులో. ఆంధ్రదేశం నుంచి తరలివచ్చి అక్కడ స్థిరపడిన సంపన్న కుటుంబం వారిది. అప్పట్లో మా బిలాస్‌పూరూ నాగపూరూ ఒకే సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఉండేవి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ రెండు ఊళ్ళనూ కలిపింది. మధ్య దూరం నాలుగు వందల పైచిలుకు కిలోమీటర్లు. ఆ రైల్వే కొలువుకోసమే మా తాతగారు విజయనగరం ప్రాంతం నుంచి వచ్చారు. ఇక్కడి తెలుగు కుటుంబాలలో చాలావాటి కథ ఇదే. అందువల్ల మా ఇంట్లో 1936 ప్రస్తావన వస్తే కాస్త ఇబ్బందిగా ఉండేది. ఎందుకో చెబుతాను.

1932లో ఇంగ్లండుకు వెళ్ళిన జట్టుకు అసలు నాయకుడు పోర్‌బందరు మహారాజు, ఉపనాయకుడు లింబ్డీ రాజకుమారుడు. ఆ కాలంలో జట్టును నడపడానికి రాజరక్తం ఉండాలనేది రివాజు. ఆట వచ్చినా రాకున్నా ఫరవాలేదు. పోర్‌బందరు రాజుగారిని మెచ్చుకోవలసిన విషయం ఏమిటంటే, తన ఆట ఎంతటిదో ఆయనకు తెలుసు. లింబ్డీకి వెన్ను నొప్పి పట్టుకున్నది. ఇద్దరూ తప్పుకోగా లార్డ్స్ మైదానంలో భారత జట్టు ముందు నడిచే భాగ్యం నాయుడుగారికి దక్కింది. మనవంటి మామూలు మనిషి కింద ఆడడమేమిటని జట్టులోనే కొందరు గొణిగారట. జూన్ 25 ఉదయం అరగంట తిరగకుండానే 19 పరుగులకు ఇంగ్లండు మూడు వికెట్లు పోయినవి. చివరకు మనం 158 పరుగుల తేడాతో ఓడిపోయాము. కాని మొదటి ఇన్నింగ్స్‌లో మన వైపు అత్యధిక స్కోరు 40, అది నాయుడుగారిదే. ఫీల్డింగులో దెబ్బతిన్న చేత్తో చేసిన పరుగులవి. మరుసటి ఏడు విజ్డెన్ ప్రకటించిన అయిదుగురు మేటి ఆటగాళ్ళలో ఆయన ఒకరు. భారత జట్టు ఆటగాళ్ళలో ఆ గౌరవం ఆయనకే మొదట దక్కింది.

1933–34లో జార్డిన్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు మూడు టెస్టులకూ ఆయనే నాయకుడు. ఇక 1936.

ఆ ఏడు ఇంగ్లండు ప్రయాణానికి నాయకత్వం విజయనగరం మహారాజకుమారుడికి దక్కింది. విజ్జీ అని ముద్దుపేరు. క్రికెట్టుకోసం చేతికి ఎముక లేకుండా ఖర్చుపెట్టిన మనిషి. ఆట మాత్రం అంతంత. విచిత్రమేమంటే, ఆ జట్టులో కనీసం నలుగురు తెలుగువారు: విజ్జీ, నాయుడుగారు, ఆయన తమ్ముడు సి. ఎస్., నలభయ్యవ ఏట టెస్టులో అడుగుపెట్టిన మద్రాసు కోటా రామస్వామి. తెలుగువారు ఇంతమంది ఒకచోట చేరితే ఏమవుతుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. జట్టు రెండుగా చీలింది. మొదటి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట ఇంటికి పంపివేశారు. ఉదయపు ఫలహారం వేళ అందరి ఎదుటా నాయుడుగారిని అవమానించిన ఒక ఆటగాడికి అందుకు బహుమతిగా టెస్టులో చోటు దొరికిందని ఒక కథ ఈనాటికీ చెప్పుకుంటారు. మా తాతగారు విజయనగరం మనిషి. ఉంటున్నది నాయుడుగారి ప్రావిన్సులో. ఎవరి పక్షం వహించాలో తెలియక, “ఆ దొరలే మన మధ్య తగవు పెట్టారు” అని తప్పించుకునేవారట. అది నిజం కాదని ఆయనకూ తెలుసు.

ఓవల్‌లో చివరి టెస్టు. గబ్బీ ఆలెన్ విసిరిన బంతి నాయుడుగారి గుండెకు దగ్గరగా తగిలింది. ఆయన తూలిపోయారు, తిరిగి నిలబడ్డారు, 81 పరుగులు చేశారు. అదే ఆయన టెస్టు జీవితంలో చివరి ఇన్నింగ్స్. మొత్తం ఏడు టెస్టులు, 350 పరుగులు. ఈ అంకెలు చూసి ఆయనను తూచబోయే కుర్రవాళ్ళను నేను ఎరుగుదును. ముప్ఫయ్యారవ ఏట మొదటి టెస్టు ఆడిన మనిషికి అంకెలు ఎక్కడినుంచి వస్తాయి?

ఇక్కడ మరొకరైతే ఇంటికి వెళ్ళి జ్ఞాపకాలు వ్రాసుకునేవారు. నాయుడుగారు ఇందూరుకు వెళ్ళారు.

ఇందూరు ఆయనకు కొత్త కాదు. 1923లోనే హోల్కరు మహారాజు పిలిచి తన సైన్యంలో కొలువు ఇచ్చారు. ఆ కొలువులోనే ఆయన కర్నల్ అయ్యారు. ఆ ఊళ్ళో పిల్లవాడిగా ఆడుకుంటున్న ముస్తాక్ అలీని గుర్తించి, చేరదీసి, హైదరాబాదు పోటీలకు వెంట తీసుకువెళ్ళినదీ ఆయనే. 1936లో మాంచెస్టరులో విజయ్ మర్చంట్‌తో కలిసి మొదటి వికెట్టుకు 203 పరుగులు జోడించి, విదేశీ గడ్డమీద భారతీయుడి తొలి టెస్టు సెంచరీ సాధించిన వాడు ఆ ముస్తాకే. అంటే తన నాయకత్వం పోయిన ఏడే తన శిష్యుడు గెలిచాడన్నమాట.

హోల్కరు జట్టు 1941లో రంజీ పోటీలలో ప్రవేశించింది. నాయుడుగారు సర్వాతే, నింబాల్కర్, జగ్దాలే వంటి యువకులను కూడగట్టి సైనిక పటాలంవలె తీర్చిదిద్దారు. ఆయన క్రమశిక్షణ కథలు ఇందూరులో కొల్లలు. బంతి తగిలితే ఆ చోటు రుద్దుకోకూడదు. బౌలరుకు నొప్పి కనబడకూడదు. ఇది ఇతరులకు చెప్పిన పాఠం మాత్రమే కాదు. యాభై దాటిన వయసులో బొంబాయి బౌలరు దత్తూ ఫాడ్కర్ బంతి మూతికి తగిలి రెండు పళ్ళు ఊడితే, వాటిని పిచ్‌మీదనుంచి బ్యాటుతో పక్కకు నెట్టి, జాలిపడి నెమ్మదిగా వేస్తున్న ఫాడ్కర్‌ను సరిగా వేయమని గద్దించారట.

సొంత తమ్ముడిమీద కూడా ఆయనకు కనికరం లేదు. 1945 మార్చిలో బొంబాయితో జరిగిన రంజీ ఫైనల్లో సి. ఎస్. నాయుడు వేసిన బంతులు 917. పదకొండు వికెట్లు తీశాడు, 428 పరుగులు ఇచ్చాడు. ఒక మ్యాచిలో ఒక మనిషి అన్ని బంతులు వేయడం అంతకుముందు లేదు, ఆ తరువాతా లేదు. ఆ మ్యాచి వర్ణనకు అందేది కాదు. బొంబాయి 462, 764. హోల్కరు 360. గెలవడానికి 867 కావాలి! యుద్ధకాలపు సైనిక సేవలో మన దేశంలో ఉన్న డెనిస్ కాంప్టన్ హోల్కరు వైపు ఆడి 249 పరుగులతో అజేయంగా నిలిచాడు. ముస్తాక్ అలీ రెండు ఇన్నింగ్స్‌లలోనూ సెంచరీ చేశాడు. హోల్కరు 492 చేసి ఓడింది. నాలుగు వందల తొంభై రెండు పరుగులు చేసి ఓడిన జట్టును ఓడినదని ఎలా అనడం?

మరుసటి ఏడు సెమీ ఫైనల్లో మైసూరు మీద ఎనిమిది వికెట్లకు 912. ఆరుగురు సెంచరీలు చేశారు. ఆ ఆరుగురిలో ఒకరు యాభై ఏళ్ళు నిండిన నాయకుడు. ఆ ఏడు ట్రోఫీ ఇందూరుకు వచ్చింది. మళ్ళీ 1947–48లో, 1950–51లో, 1952–53లో వచ్చింది. నాయుడుగారి నాయకత్వాన తొమ్మిదేళ్ళలో ఎనిమిది ఫైనళ్ళు, నాలుగు విజయాలు. బొంబాయి వంటి మహానగరానికి ఎదురుగా, మధ్య భారతంలోని ఒక సంస్థానపు పట్టణం నిలబడిన తీరు అది. చివరిసారి కలకత్తాలో బెంగాలును దాటి గెలిచినప్పుడు ఆయన వయసు 57.

అప్పటికైనా విశ్రమించారా అంటే, లేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఆ ఋతువులోనే ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో తొలి అడుగు వేసింది. ఆ పసిజట్టుకు నాయకుడుగా వచ్చినది 58 ఏళ్ళ నాయుడుగారు. నాగపూరులో పుట్టి, ఇందూరులో పేరు తెచ్చుకున్న మనిషి, పూర్వులు వదలివచ్చిన నేల పిలవగానే వెళ్ళారు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటె ఇష్టమైన ఘట్టం ఇదే. ఇందులో రికార్డులేమీ లేవు గనుక పుస్తకాలలో దీనికి ఒక వాక్యంకంటె ఎక్కువ చోటు దొరకదు.

మరొక విశేషం. 1956–57లో ఉత్తర ప్రదేశ్ జట్టుకు ఆడమని ఆయనను రప్పించినది ఎవరనుకున్నారు? ఆ రాష్ట్రపు క్రికెట్టును నడిపిస్తున్న విజ్జీయే. ఇరవై ఏళ్ళ కిందటి ఆ ఫలహారపు బల్ల ఇద్దరికీ గుర్తుండి ఉండదా? నాయుడుగారు వెళ్ళారు. 61 ఏళ్ళు దాటిన వయసులో తన చివరి రంజీ ఇన్నింగ్స్‌లో 52 పరుగులు చేశారు. అదే పోటీలో వినూ మన్కడ్ బంతులను సిక్సర్లుగా కూడా మలచారు. 1956లోనే ఆయనకు పద్మభూషణ్ లభించింది. ఒక విరాళపు మ్యాచిలో 1963–64లో, 68 ఏళ్ళ వయసులో, చివరిసారి మొదటి తరగతి క్రికెట్టు ఆడారు. 1967 నవంబరు 14న ఇందూరులో కన్నుమూశారు.

క్రికెట్టు బోర్డు 1994లో ఆయన పేరిట జీవన సాఫల్య పురస్కారం నెలకొల్పి, మొదటిసారి లాలా అమర్‌నాథ్‌కు ఇచ్చింది. 1936లో ఓడ ఎక్కించి ఇంటికి పంపిన ఆ అమర్‌నాథ్‌కే.

కుర్రవాళ్ళ జట్లకోసం కర్నల్ సి. కె. నాయుడు ట్రోఫీ 1970ల నుంచి నడుస్తున్నది. ఛత్తీస్‌గఢ్ సంఘానికి 2016లో బోర్డులో పూర్తి సభ్యత్వం లభించిన తరువాత ఇక్కడి పిల్లలకు కూడా ఆ పోటీ అందుబాటులోకి వచ్చింది. మొన్న సాయంత్రం మా వీధిలోని తెలుగు కుర్రవాడొకడు, భుజాన కిట్టు సంచితో మైదానం నుంచి వస్తూ, నా బల్లమీద పరచి ఉన్న కాగితాలు చూసి ఆగాడు.

“అంకుల్, మేమంతా సి. కె. నాయుడు ట్రోఫీ, సి. కె. నాయుడు ట్రోఫీ అంటాము గాని, ఆ సి. కె. అంటే ఏమిటండీ?”

“కొఠారి కనకయ్య.”

వాడు సంచి కింద పెట్టి నావంక చూశాడు. “కనకయ్యా? మా ముత్తాతగారి పేరు కూడా అదేనండీ!”