మెమరీ కార్డు కొన్నారా? ముందు నింపి చూడండి

బియ్యం కొనేటప్పుడు గుప్పెడు తీసి చూస్తాం. చీరైతే మడత విప్పి, అంచు తిరగేసి చూడనిదే డబ్బులివ్వం. మెమరీ కార్డు మాత్రం షాపతను ఇచ్చింది ఇచ్చినట్టే ఫోన్‌లో పెట్టేసుకుంటాం. ఏం, కాదంటారా? నేనూ అలాగే చేశాను.

మా చిన్నమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ముందు రోజు, ఫోన్‌లో చోటు లేదని ఓ చిన్న కొట్లో 64 జీబీ కార్డు కొన్నాను. మిగతా చోట్ల చెప్పిన ధరలో సగం కూడా లేదు. బేరం కుదిరిందని మురిసిపోయాను కూడా! వీడియోలన్నీ అందులోనే తీశాం. తర్వాత చూస్తే పొద్దుటి మంగళస్నానం, హారతి బాగానే ఉన్నాయి. మధ్యాహ్నం నుంచి పేర్లు కనిపిస్తాయి గానీ ఒక్కటీ తెరుచుకోదు. మా అమ్మ అక్షింతలు వేసి దీవించింది అప్పుడే. ఆర్నెల్లకి అమ్మ పోయింది. కంప్యూటర్ రిపేరు అబ్బాయికి చూపిస్తే, "అసలు ఎక్కనే లేదండీ, ఎక్కడి నుంచి తీయమంటారు?" అన్నాడు.

మోసం ఎక్కడుందంటే, ఎంత చోటుందో ఫోన్‌కి చెప్పేది కార్డులోనే ఉండే కంట్రోలర్ అనే చిన్న చిప్పు. 8 జీబీ కార్డులో దాన్ని మార్చేసి 64 అని అబద్ధం చెప్పిస్తారు. కిలో పట్టే డబ్బాకి ఎనిమిది కిలోలని చీటీ అంటించినట్టన్నమాట. నిండాక పోసింది నేలపాలే. కొన్నిట్లో కొత్తది పాతదాని మీదే పడి పాతదీ పాడవుతుంది. ఫార్మాట్ చేసినా 64 అనే చూపిస్తుంది, నమ్మకండి. (అసలైన 64 కార్డు కూడా కంప్యూటర్‌లో 59 చిల్లర చూపించవచ్చు. అది లెక్కకట్టే పద్ధతిలో తేడా, కంగారు పడొద్దు.)

కొట్లోనే పట్టుకోగల గుర్తు ఒకటుంది. కార్డు మీద 'హెచ్‌సీ' అంటే 32 జీబీ వరకే. 64, 128 అయితే 'ఎక్స్‌సీ' అని ఉండాలి. 64 అని వేసి పక్కన హెచ్‌సీ ఉంటే అక్కడే తిరిగిచ్చేయండి. అయితే అక్షరాలు సరిగ్గా అచ్చేసే దొంగలూ ఉన్నారు.

అందుకని నింపి చూడటమే గట్టి పరీక్ష. విండోస్ కంప్యూటర్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాం ఖాళీ కార్డుని అంచుల దాకా నింపి, మళ్ళీ చదివి సరిచూస్తుంది. మ్యాక్, లైనక్స్‌లకి ఎఫ్3 ఉంది. గంటలు పట్టొచ్చు. పప్పు నానేసినట్టు వదిలేసి మీ పని చూసుకోండి. కంప్యూటర్ లేకపోతే, పోయినా ఫరవాలేని సినిమాలు నిండేదాకా కాపీ చేసి, కార్డు ఒకసారి తీసి మళ్ళీ పెట్టి, మొదటివీ చివరివీ కూడా తెరిచి చూడండి.

వాడుతున్న కార్డు మీద అనుమానముంటే, లోపలివి ముందు వేరేచోట దాచుకుని ఖాళీ చేశాకే పరీక్షించండి. కొత్తదైతే కొన్న రోజే చేయండి, బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. నేను తిరిగి వెళ్తే ఆ కొట్టతను మొట్టమొదట అడిగింది అదే.