పునాది కింద లీకు: మీటరుకు కనపడేది, కనపడనిది

అర మిల్లీమీటరు. రాగి పైపుకు అంత చిల్లు పడితే చాలు. లోపల నీటి ఒత్తిడి 60 పీఎస్ఐ, అంటే చదరపు అంగుళానికి 60 పౌండ్లు, ఉంటే ఆ చిల్లులోంచి రోజుకు దాదాపు 300 లీటర్లు పోతాయి. నెలకు 9,000 లీటర్లు. అమెరికా నీళ్ళ బిల్లు లెక్కలో సుమారు 2,400 గ్యాలన్లు. అదే చిల్లు 1.6 మిల్లీమీటర్లయితే రోజుకు 3,000 లీటర్లు దాటుతుంది. చిల్లు అడ్డకొలత మూడు రెట్లు పెరిగితే పోయే నీళ్ళు పది రెట్లు పెరుగుతాయన్నమాట. ఇవి కాగితం మీద వేసిన లెక్కలు. చుట్టూ మట్టి గట్టిగా బిగిసి ఉంటే కొంత తగ్గుతాయి. ఆ తగ్గుదలను చూసి ఊరట పడాల్సిందేమీ లేదు, ఎందుకంటే ఆ నీళ్ళన్నీ ఇంటి కిందికే పోతున్నాయి.

టెక్సస్‌లో డాలస్ చుట్టుపక్కల, అంటే ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ లాంటి చోట్ల, తెలుగువాళ్ళు కొనుక్కున్న ఇళ్ళు దాదాపు అన్నీ కాంక్రీటు శ్లాబు మీద కూర్చున్నవే. మన దగ్గర శ్లాబు నెత్తిమీద ఉంటుంది, అక్కడ కాళ్ళ కింద. నేలను చదును చేసి, పైపులు పరిచి, వాటిమీద సుమారు నాలుగంగుళాల మందాన కాంక్రీటు పోస్తారు. పాత ఇళ్ళలో మంచినీళ్ళ రాగి పైపులు కూడా ఆ కాంక్రీటు కిందే ఉంటాయి. కొత్త ఇళ్ళలో పెక్స్ అనే ప్లాస్టిక్ పైపుల్ని చాలావరకు గోడల్లోంచి, అటకమీంచి తీసుకెళ్తున్నారు. మురుగు పైపులు మాత్రం కొత్త ఇల్లయినా పాత ఇల్లయినా కిందే.

ఇక ఆ నేల సంగతి. టెక్సస్ రాష్ట్ర మట్టిగా చెప్పుకునేది హ్యూస్టన్ బ్లాక్. దాదాపు 15 లక్షల ఎకరాల్లో ఉంది. మట్టి శాస్త్రవేత్తలు దాన్ని వెర్టిసాల్ అనే తరగతిలో చేర్చారు. కర్నూలు, ఆదిలాబాద్ రైతులకు తెలిసిన నల్లరేగడి కూడా ఆ తరగతిదే. ఎండకు నెర్రెలు విచ్చడం, తడికి ఉబ్బడం దాని గుణం. ఇల్లంతటి కింద సమంగా ఉబ్బితే పెద్ద ఇబ్బంది లేదు. లీకు నీళ్ళు వంటగది కింద మాత్రమే చేరితే శ్లాబు ఆ మూల పైకి లేస్తుంది, మిగతాది అక్కడే ఉంటుంది. అప్పుడు తలుపు చట్రానికి పట్టేస్తుంది, గుమ్మం పైమూల నుంచి గోడమీద ఏటవాలుగా పగులు పాకుతుంది. శ్లాబు వంపుకు టెక్సస్ ఇంజినీర్లు సాధారణంగా పెట్టుకునే హద్దు పొడవులో 360వ వంతు. 30 అడుగులకు ఒక అంగుళం. అది దాటితే పునాది బాగోగులు ఇంజినీరు చూడాల్సిందే.

మన ఊళ్ళలో ఇదే చిల్లు ఇంత నష్టం ఎందుకు చేయదు? ఒత్తిడి తేడా వల్ల. డాబా మీది ట్యాంకులో నీటిమట్టం కుళాయికి 8 మీటర్ల ఎత్తున ఉంటే వచ్చే ఒత్తిడి 11 పీఎస్ఐ. అర మిల్లీమీటరు చిల్లులోంచి ఆ ఒత్తిడికి పోయేది 60 పీఎస్ఐకి పోయేదాంట్లో సగంకన్నా తక్కువ. పైగా ట్యాంకు ఖాళీ అయితే లీకు కూడా ఆగిపోతుంది, మోటారు మాటిమాటికీ వేయాల్సి వస్తే ఇంట్లోవాళ్ళకే అనుమానం వస్తుంది. అమెరికాలో ఊరి సరఫరా ఒత్తిడి 24 గంటలూ పైపులో నిండుగా ఉంటుంది. అక్కడి ప్లంబింగ్ నిబంధనల ప్రకారం 80 పీఎస్ఐ దాటితే ఒత్తిడి తగ్గించే వాల్వు పెట్టి తీరాలి. బయటి కుళాయికి బిగించే చిన్న గేజి కొని ఒకసారి చూసుకోండి. మీ ఇంట్లో 90 ఉంటే, లీకు లేకపోయినా అది రేపో మాపో వచ్చే లీకే.

వేడినీళ్ళ పైపుకు మరో బాధ ఉంది. 10 మీటర్ల రాగి పైపు 30 డిగ్రీలు వేడెక్కితే 5 మిల్లీమీటర్లు సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. రోజుకు పదిసార్లు ఇలా కదులుతూ కాంక్రీటుకో ఇనుప చువ్వకో ఒరుసుకుంటూ పోతే ఏళ్ళ తరబడి అక్కడ పైపు గోడ పలచబడుతుంది. ఈ లీకు రెండు బిల్లులు పెంచుతుంది. రోజుకు 300 లీటర్లను 30 డిగ్రీలు వేడిచేయడానికి పట్టేది పది యూనిట్ల పైచిలుకు. నెలకు 300 యూనిట్ల కరెంటు, లేదా ఆ మేరకు గ్యాస్, మట్టిలో పోసినట్టే.

లీకు అనుమానం రాగానే చాలామంది చేసే పని మిషన్లున్న కంపెనీకి ఫోన్ చేయడం. నా దృష్టిలో వరస అది కాదు. లీకు ఉందా లేదా అనేది తేల్చేది మీటరు, ఎక్కడుందో చెప్పేది మిషన్. మొదటి ప్రశ్నకు జవాబు రాకుండా రెండోదానికి డబ్బు పెట్టకూడదు.

ముందు మరుగుదొడ్లు చూడండి. నీళ్ళ ట్యాంకులో నాలుగు చుక్కల వంటరంగు వేసి, ఫ్లష్ చేయకుండా పది నిమిషాలు ఆగండి. కింద కమోడ్‌లోకి రంగు దిగితే లోపలి రబ్బరు బిళ్ళ పోయింది. దానివల్ల రోజుకు 200 గ్యాలన్లు పోయినా ఆశ్చర్యం లేదు. అంటే మన అర మిల్లీమీటరు చిల్లుకు రెండింతల పైనే. కొన్ని డాలర్ల బిళ్ళ మార్చితే పోయేదానికి నేల పగలగొట్టుకోవడం అన్యాయం.

అవి బాగుంటే అప్పుడు మీటరు దగ్గరికి. ఇంటి ముందు పచ్చికలో, రోడ్డు అంచున, భూమిలోకి దించిన పెట్టె ఉంటుంది. మూత ఎత్తగానే చెయ్యి పెట్టకండి, సాలీళ్ళూ మంటచీమలూ కాపురం ఉంటాయి. ముళ్ళున్న మీటరైతే ముఖం మీద చిన్న త్రికోణమో నక్షత్రమో ఉంటుంది, సన్నని ధార పోయినా అది తిరుగుతుంది. ఇంట్లో అన్నీ కట్టేయండి. ఫ్రిజ్‌లో ఐస్ చేసే యంత్రం, తోట స్ప్రింక్లర్, నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ యంత్రం కూడా. రీడింగు రాసుకుని రెండు గంటలు ఎవరూ చుక్క వాడకుండా ఉండి మళ్ళీ చూడండి. అర మిల్లీమీటరు చిల్లుంటే ఆ రెండు గంటల్లో 25 లీటర్లు పోతాయి, ఆరున్నర గ్యాలన్లు. ఘనపుటడుగుల్లో చూపే మీటరైతే దాదాపు 0.9 తేడా కనపడాలి. ఒక ఘనపుటడుగు 7.48 గ్యాలన్లు.

తేడా వచ్చింది. ఇప్పుడు ఇంటివైపు మెయిన్ వాల్వు కట్టేయండి. మీటరు పెట్టెలోది ఊరి నీటి విభాగానిది, దాని జోలికి పోవద్దు. మీటరు ఇంకా తిరుగుతుంటే లీకు పచ్చిక కింద పైపులో ఉంది, లేదా వాల్వుకు ముందే వేరుపడే స్ప్రింక్లర్ గొట్టంలో ఉంది. శ్లాబుకు సంబంధం లేదు. ఆగిపోతే లీకు ఇంటిలోపలో, ఇంటి కిందో. మెయిన్ మళ్ళీ తెరిచి, వాటర్ హీటర్‌కు చన్నీళ్ళు వెళ్ళే వాల్వు మాత్రం కట్టి చూడండి. ఇప్పుడు ఆగితే వేడి పైపు, ఆగకపోతే చన్నీటి పైపు. పైసా ఖర్చు లేకుండా, ఇల్లంతా అనుమానించాల్సింది పోయి ఒక పైపు వరసకు వచ్చారు.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ, ఈపీఏ, చెప్పే అంకెలు పక్కన పెట్టుకోండి. సగటు ఇంట్లో లీకులవల్ల ఏడాదికి 10,000 గ్యాలన్ల దాకా వృథా అవుతాయి. ప్రతి పది ఇళ్ళలో ఒకదాంట్లో రోజుకు 90 గ్యాలన్లో అంతకుమించో పోతాయి. నలుగురున్న ఇంట్లో తోటకు నీళ్ళు పెట్టని చలికాలపు నెలలో వాడకం 12,000 గ్యాలన్లు దాటితే పెద్ద లీకు ఉన్నట్టే లెక్క.

ఇంతవరకూ చెప్పింది ఒత్తిడి ఉన్న పైపుల గురించి. మురుగు పైపు పగిలితే మీటరుకు ఏమీ తెలియదు. ఆ నీళ్ళు మీటరు దాటి, వాడేశాక, బయటికి పోయే దారిలో కారుతున్నాయి. బిల్లు పెరగదు, త్రికోణం తిరగదు, కింద రేగడి మాత్రం ఉబ్బుతూనే ఉంటుంది. ఇల్లు కదులుతున్న గుర్తులుండి మీటరు నిర్దోషి అని తేలినప్పుడు దీన్ని పట్టించుకోవాలి. ప్లంబర్ పెరట్లో మురుగు లైను తెరిచే చోట గాలి నింపిన రబ్బరు బంతిని దించి దారి మూస్తాడు. లోపలి గొట్టాల్లో శ్లాబు మట్టం దాకా నీళ్ళు నింపి ఆ మట్టాన్ని కనిపెడతాడు. దిగకపోతే పైపులు మంచివి. దిగితే కెమెరా పంపి, ఒక్కో కొమ్మనూ విడిగా పరీక్షిస్తాడు. పాత ఇల్లు కొనేముందు ఈ పరీక్ష అడిగి చేయించుకోవడం దండగ కాదు. మామూలు ఇంటి తనిఖీలో ఇది ఉండదు.

ఇక మిషన్లు. మంచినీళ్ళ పైపుల విషయంలో ఎక్కువగా వాడేది చెవి. నేలకు ఆనించే మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని ప్లంబర్ అడుగడుగునా వింటాడు. ధ్వని సరిపోకపోతే పైపులోకి గాలి ఎక్కిస్తారు. రెండో పద్ధతిలో పైపు ఖాళీ చేసి 5 శాతం హైడ్రోజన్, 95 శాతం నైట్రోజన్ కలిపిన వాయువు పంపుతారు. ఆ పాళ్ళలో అది మండదు. హైడ్రోజన్ అణువు అతి చిన్నది కాబట్టి చిల్లులోంచి, కాంక్రీటులోంచి పైకొచ్చి గుర్తించే పరికరానికి దొరుకుతుంది. అయితే శ్లాబు కింద పరిచిన ప్లాస్టిక్ పొర అడ్డొస్తే పక్కకు జరిగి ఎక్కడో పైకి రావచ్చు. థర్మల్ కెమెరా వేడి పైపుకే పనికొస్తుంది. తెరమీద కనిపించే ఎర్ర మచ్చ నీళ్ళు చేరిన చోటు, చిల్లు దాని మధ్యలోనే ఉండాలని లేదు.

పైపు రెండు కొసలకూ మైకులు తగిలించి, లీకు శబ్దం ఏ కొసకు ఎంత ముందు చేరిందో కొలిచే పరికరం కూడా ఉంది, కోరిలేటర్ అంటారు. మైకుల మధ్య 12 మీటర్లు అనుకుందాం. శబ్దం ఒకదానికి 4 మిల్లీసెకన్లు ముందు చేరింది. నీళ్ళున్న రాగి పైపులో ధ్వని వేగం సెకనుకు సుమారు 1,250 మీటర్లు, కాబట్టి రెండు దారుల తేడా 5 మీటర్లు. చిల్లు దగ్గరి మైకుకు 3.5 మీటర్ల దూరంలో ఉంది. అదే పైపు ప్లాస్టిక్‌ది అయితే వేగం 400 మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, జవాబు 5.2 మీటర్లు అవుతుంది. పైపు దేనితో చేసిందో తప్పుగా చెబితే గొయ్యి అయిదున్నర అడుగులు పక్కన పడుతుంది. అందుకే 'మీ మిషన్ ఏ కంపెనీది' అని కాదు, 'రెండు వేర్వేరు పద్ధతుల్లో ఒకే చోటు వచ్చిందా' అని అడగండి.

కాంక్రీటు కోసేముందు ఇంకో సంగతి. టెక్సస్‌లో చాలా శ్లాబుల్లో ఉక్కు తీగల్ని లాగి బిగించి ఉంచుతారు, పోస్ట్ టెన్షన్ అంటారు. అర అంగుళం తీగ ఒక్కోదాని మీద 33,000 పౌండ్ల బిగువు ఉంటుంది, దాదాపు 15 టన్నులు. తెగితే పునాది బలం తగ్గడమే కాదు, దగ్గరున్న మనిషికే ప్రమాదం. గరాజ్ నేలమీద కోయవద్దు, రంధ్రం చేయవద్దు అనే ముద్ర చాలా ఇళ్ళలో ఉంటుంది. ముద్ర ఉంటే తీగలు ఎక్కడున్నాయో స్కాన్ చేయించాకే సుత్తి. పాతబడిన రాగి పైపులో ఒక చోట చిల్లు పడితే రెండోది ఎంతో దూరంలో ఉండదు, ఆ లైనును వదిలేసి అటకమీంచి కొత్త పెక్స్ లాగించుకోవడమే మేలని నా అభిప్రాయం. కొత్త పైపయితే ఆ ఒక్క చోటు తవ్వి బాగుచేస్తే సరిపోతుంది.

బీమా మాట. 1998లో బలాండ్రాన్ వర్సెస్ సేఫ్‌కో కేసులో టెక్సస్ సుప్రీంకోర్టు, భూమిలోపలి పైపు లీకువల్ల పునాదికి జరిగిన నష్టం అప్పటి ఇంటి పాలసీ కిందికి వస్తుందని తీర్పిచ్చింది. తర్వాతి ఏళ్ళలో కంపెనీలు అలాంటి పాలసీల్ని తగ్గించేశాయి. ఇప్పుడు పునాది కవరేజీ చాలా పాలసీల్లో అదనంగా కొనుక్కోవాల్సిందే. వారాలు, నెలల తరబడి ఊరిన లీకుకు పరిహారం లేదనే షరతు మామూలు. మీ పాలసీలో అదనపు పత్రాల పేజీ తీసి 'ఫౌండేషన్' అన్న మాట ఉందో లేదో ఈ వారమే చూసుకోండి. ప్లంబర్‌ను పిలిచేముందు అతని లైసెన్సు టెక్సస్ స్టేట్ బోర్డ్ ఆఫ్ ప్లంబింగ్ ఎగ్జామినర్స్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి. మీ మీటరు రీడింగులు తేదీ, వేళతో సహా ఫోన్‌లో ఫొటోలుగా ఉంచుకోండి, బీమా క్లెయిముకు సాక్ష్యంగా పనికొస్తాయి.