72 దాటితే పూనకమే!

ఆదివారం సాయంత్రం. అనంతగిరి నుంచి తిరిగొస్తున్నాం. పక్క సీట్లో నాన్న, వెనక అక్క, అక్క ఒళ్లో నిద్రపోతున్న ఆరేళ్ల మేనల్లుడు. చేవెళ్ల దాటాక రోడ్డుకి రెండు పక్కలా ఆ పాత మర్రిచెట్లు తెలుసుగా, వాటి కిందుగా వస్తున్నాం. స్పీడు 72. కల్వర్టు మీద చిన్న అతుకు తగిలింది. అంతే.

స్టీరింగ్ కుడికీ ఎడమకీ కొట్టేసుకోవడం మొదలైంది. వణుకు అంటే సరిపోదు. ఎవరో అవతల పట్టుకుని గుంజుతున్నట్టు, నా మోచేతులు నా మాట వినలేదు. డ్యాష్‌బోర్డు దడదడలాడింది, ఫోన్ ఎగిరి కింద పడింది. అక్క అరుస్తోంది. ఎదురుగా లారీ లైట్లు. నా కాలు బ్రేక్ మీదికి పోతుంటే నాన్న గట్టిగా అన్నాడు: “బ్రేక్ తొక్కకు! కాలు తియ్యి. స్టీరింగ్ ఊకె పట్టుకో, కొట్లాడకు.”

కాలు తీశాను. 60, 50, 40... ఎవరో స్విచ్ ఆపినట్టు మొత్తం ఆగిపోయింది. ఎడమ పక్కకి తీసి ఒక మర్రిచెట్టు కింద ఆపాను. చెట్టు మొదలుకీ బండికీ మధ్య దూరం చూశాక నాకు నోట మాట రాలేదు. మేనల్లుడు మాత్రం లేచి “మామా, మళ్లీ చెయ్” అన్నాడు.

దీనికి ఆఫ్‌రోడ్ బ్యాచ్‌లో ఒక పేరుంది. డెత్ వాబుల్. పేరు విన్నప్పుడు ఓవర్ యాక్షన్ అనుకున్నా. ఇప్పుడు అనుకోవట్లేదు.

నా సంగతి చెప్పాలి. మణికొండలో ఉంటాను, సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. రెండేళ్ల క్రితం సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ కొన్నాను. పాత ఓనరు రెండంగుళాల లిఫ్ట్ చేయించి, 33 అంగుళాల టైర్లు వేయించాడు. నేను కొన్నదే ఆ టైర్లు చూసి. మరిచెట్టు సర్కిల్లో సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బైక్ కుర్రాళ్లు ఫొటో తీసుకునేవాళ్లు, అబద్ధమెందుకు, బాగానే ఉండేది.

మర్నాడే ఒక వర్క్‌షాప్‌కి తీసుకెళ్లాను. “స్టీరింగ్ డ్యాంపర్ పోయింది సార్” అన్నారు. కొత్తది వేసి, వీల్ బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేసి బిల్లు చేతిలో పెట్టారు. బండి వెన్నలా నడిచింది. మూడు వారాలు. తర్వాత ఓఆర్ఆర్ మీద, నార్సింగి ఎగ్జిట్‌కి ముందు, మళ్లీ అదే పూనకం. ఈసారి ఒక్కడినే ఉన్నాను కాబట్టి సిగ్గు లేకుండా భయపడ్డాను.

నాన్న అప్పటికి సూర్యాపేట వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే మొత్తం విని “డ్యాంపర్ ఏస్తే రోగం పోలే, దాక్కున్నది. నేనొస్త, అప్పటిదాక ముట్టకు” అన్నాడు. నాన్న 31 ఏళ్లు ఆర్టీసీ డ్రైవర్. ఎర్ర బస్సు ముందు యాక్సిల్ గురించి ఆయనకి తెలిసినంత నా ఆఫీసులో ఎవరికీ ఏ సబ్జెక్టూ తెలీదు.

అసలు ఏం జరుగుతుందంటే... మామూలు కార్లలో ముందు చక్రాలు దేనికదే పైకీ కిందికీ ఆడతాయి. నా బండిలో ముందు కూడా సాలిడ్ యాక్సిల్. అంటే కావడి బద్ద లాంటిది. ఒక చక్రం గతుకెక్కితే బద్ద మొత్తం వంగుతుంది, రెండో చక్రమూ ఒరుగుతుంది. తిరిగే చక్రానికి బొంగరం బుద్ధి ఉంటుంది. ఒక వైపు ఒరగబోతే అది ఇంకో దిక్కుకి తిరుగుతుంది. అలా గతుకు వల్ల వచ్చిన ఒరుగు కాస్తా చక్రాల్ని పక్కకి తిప్పుతుంది. రాడ్లు, జాయింట్లు అన్నీ బిగుతుగా ఉంటే ఆ కదలిక అక్కడే చచ్చిపోతుంది. ఎక్కడో లూజు ఉంటే చక్రం కుడికి ఎక్కువ పోతుంది, వెనక్కి వస్తూ ఎడమకి ఇంకా ఎక్కువ పోతుంది. ఉయ్యాలని సరైన టైముకి తోస్తే పెరిగినట్టే. సూపర్ మార్కెట్ ట్రాలీ ముందు చక్రం పిచ్చిపట్టినట్టు కొట్టుకోవడం చూశారుగా, దానికి ఇది పెద్దన్న.

ఇది కొత్త జబ్బేం కాదు. 1920లలో గాలి తక్కువుండే లావు టైర్లు, ముందు చక్రాలకి బ్రేకులు వచ్చినప్పుడు అమెరికాలో చాలా కార్లు ఇలాగే ఊగాయి. మారిస్ ఓలీ అనే ఇంజినీరు లాంటివాళ్లు దీని మీద కుస్తీ పట్టాక, 1934లో జనరల్ మోటార్స్ ముందు చక్రాల్ని విడివిడిగా ఆడించే సస్పెన్షన్ తెచ్చింది. మన దగ్గర 2020లో వచ్చిన థార్‌కి ముందు అలాంటిదే ఉంటుంది. పాత జిప్సీకి, 2023లో వచ్చిన జిమ్నీకి మాత్రం ముందూ వెనకా సాలిడ్ యాక్సిలే. రాళ్లెక్కడానికి అదే బలం కాబట్టి ఆఫ్‌రోడ్ వాళ్లు దాన్ని వదలరు. సరిగ్గా చూసుకుంటే ఊగదు కూడా. ఆ ‘సరిగ్గా’ దగ్గరే కథంతా.

శనివారం నాన్న వచ్చాడు. బండిని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చదును చోట పెట్టించాడు. జాకీ వెయ్యొద్దన్నాడు, చక్రాలు నేల మీదే ఉండాలట. హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి రాళ్లు పెట్టించి, గేరు న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేయమన్నాడు. “స్టీరింగ్ జరంత ఇటు, జరంత అటు తిప్పుతా ఉండు. ఆపమనేదాక ఆపకు.” తను టార్చ్ పట్టుకుని కింద పడుకున్నాడు. అరవై నాలుగేళ్ల మనిషి, లుంగీ మీద. వాచ్‌మన్ వచ్చి నన్ను అదో రకంగా చూశాడు.

టై రాడ్ ఎండ్‌లు ఒక్కోటీ చేత్తో పట్టుకుని చూశాడు. ఒకదాంట్లో కొంచెం ప్లే. తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదు. “ఈ అడ్డ రాడ్ ఏందిరా? మా బస్సులకు ఇది లేదు.”

అది ట్రాక్ బార్. బస్సుకి కమాన్ కట్టలే యాక్సిల్‌ని పక్కకి జరగకుండా పట్టుకుంటాయి. కాయిల్ స్ప్రింగులు ఆ పని చేయలేవు. అందుకే ఒక చివర ఛాసిస్‌కి, ఇంకో చివర యాక్సిల్‌కి కలిపి ఈ రాడ్ వేస్తారు. “నువ్వు తిప్పితే రాడ్ కంటె ముందుగల బోల్టు కదులుతున్నదిరా. రంధ్రం గుడ్డులెక్క అయ్యింది” అన్నాడు.

నేనూ కింద దూరి చూశాను. రెండు, మూడు మిల్లీమీటర్ల ఆట. అంతే! ఆ మూడు మిల్లీమీటర్లే మమ్మల్ని మర్రిచెట్టు దాకా తీసుకెళ్లాయి. కోడ్‌లో ఎర్రర్ వస్తే కారణం వెతక్కుండా ట్రై-క్యాచ్‌లో దాచేస్తే నేను డెవలపర్ల మీద ఎగురుతాను. డ్యాంపర్ వేయించుకుని నేను చేసిందీ అదే. 2019లో అమెరికాలో కొత్త జీప్ రాంగ్లర్లు ఊగుతున్నాయని గోల అయినప్పుడు కంపెనీ ఇచ్చింది కూడా కొత్త డ్యాంపరే, కాకపోతే డిజైన్ మార్చింది. కొత్త బండి లెక్క వేరు కావచ్చు. జాయింట్లు అరిగిన పాత బండిలో మాత్రం డ్యాంపర్ నొప్పి మాత్ర లాంటిదే.

ఈసారి పుప్పాలగూడ వైపు ఒక పాత ఉస్తాద్ దగ్గరికి వెళ్లాం. నాన్నా ఆయనా పది నిమిషాల్లో దోస్తులైపోయారు. బ్రాకెట్ రంధ్రానికి మందపాటి వాషర్ వెల్డ్ చేసి, సరైన సైజు బోల్టు, కొత్త బుష్‌లు వేశాడు. బోల్టుని చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే బిగించాడు. గాల్లో బిగిస్తే బుష్ మెలితిరిగి తొందరగా చిరుగుతుందట. టై రాడ్ ఎండ్ మార్చాడు.

ఇంకోటి కూడా చెప్పాడు. లిఫ్ట్ చేసినప్పుడు యాక్సిల్ కాస్త ముందుకి తిరిగి, క్యాస్టర్ కోణం తగ్గిపోయిందని. సైకిల్ ముందు ఫోర్క్ ఏటవాలుగా ఉండటం కూడా చేతులు వదిలినా నేరుగా పోవడానికి సాయపడుతుంది, అదే క్యాస్టర్. అది తగ్గితే స్టీరింగ్ నేరుగా నిలబడటానికి బద్ధకిస్తుంది. పైగా బరువైన పెద్ద టైర్లు. “బోల్టు లూజు ఒకటే కాదు భాయ్, లూజుని ఆడించేవి కూడా ఉన్నయ్” అన్నాడు.

మీ బండి 80 దాటాక సన్నగా, ఒకేలా వణికితే చాలాసార్లు అది టైర్ బ్యాలెన్సింగ్ సమస్యే, కంగారు పడొద్దు. గతుకు తగలగానే మొదలై, స్పీడు తగ్గేదాకా ఆగకపోతే అది వేరే. అప్పుడు గ్యాస్ వదిలేయండి, స్టీరింగ్‌ని గట్టిగా పట్టుకోండి కానీ దాంతో యుద్ధం చేయకండి, మెల్లగా ఎడమకి రండి. తర్వాత జాయింట్లన్నీ చూపించేదాకా హైవే ఎక్కొద్దు.

ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌లో ఉంది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఇది నేను చదివింది వాబుల్ వచ్చాక. లిఫ్ట్ తీయించాను. కంపెనీ సైజు టైర్లు వేయించాను. నాలుగు పెద్ద టైర్లూ ఇంకా బాల్కనీలో ఉన్నాయి, అక్క వాటిలో మొక్కలు పెడతానంటోంది.

తర్వాతి ఆదివారం మళ్లీ చేవెళ్ల రోడ్డు. ఈసారి స్టీరింగ్ నాన్న చేతిలో. ఆ కల్వర్టు కనిపించగానే నేను డోర్ హ్యాండిల్ పట్టుకున్నాను. నాన్న 75లో పోనిచ్చాడు. ఠక్‌మని ఒక్క చప్పుడు, అంతే. బండి నేరుగా పోయింది.

“చిన్న టైర్లతో మంచిగనే ఉన్నది కదరా” అన్నాడు. వెనక నుంచి మేనల్లుడు, “తాతా, ఊగలేదేంటి?” అని ఏడుపు మొహం పెట్టాడు.