పదహారణాల లెక్క

ఫోన్‌లో ‘ఎర్రగుంట్ల’ అని టైపు చేసి ఎవరికైనా పంపి చూడండి. కడప జిల్లాలోని ఆ ఊరి పేరు యంత్రంలో పది సంఖ్యల వరుసగా మారిపోతుంది. ‘ఎ’ సంఖ్య 0సి0ఇ. ‘ర’ సంఖ్య 0సి30. ‘గ’ సంఖ్య 0సి17. పొల్లుకు 0సి4డి, సున్నకు 0సి02. అంకెల మధ్యకు ఈ సి, డి, ఇ ఎలా వచ్చాయి?

ఇవి హెక్సాడెసిమల్ పద్ధతిలో, అంటే పదహారు ఆధారంగా రాసిన సంఖ్యలు. మన రోజువారీ లెక్కలో తొమ్మిది దాటగానే పక్క స్థానంలోకి వెళతాం. ఇక్కడ పదిహేను దాటాకే వెళ్లాలి. అందుకని పది నుంచి పదిహేను దాకా ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్ అనే ఇంగ్లీషు అక్షరాలను అంకెలుగా వాడతారు. స్థానాలు ఒకట్లు, పదహార్లు, 256లు, 4096లు. 0సి0ఇలో సి అంటే పన్నెండు 256లు, అంటే 3072. చివరి ఇ అంటే 14. మొత్తం 3086.

పదహారే ఎందుకు? కంప్యూటర్‌కు తెలిసినవి సున్నా, ఒకటి మాత్రమే. 3086ను అది 110000001110గా దాచుకుంటుంది. దీన్ని మనిషి తప్పు లేకుండా చదవడం కష్టం. నాలుగేసి అంకెలు విడగొడితే 1100, 0000, 1110. రెండును నాలుగుసార్లు హెచ్చిస్తే పదహారు కాబట్టి ఒక్కో గుంపుకూ సరిగ్గా ఒక్క గుర్తు చాలు: సి, 0, ఇ. అలాంటి అంకెలు (బిట్లు) ఎనిమిది ఉండే బైటుకు రెండు గుర్తులు.

కంప్యూటర్లు పుట్టక ముందే పదహారును కోరుకున్న మనిషి ఉన్నాడు. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఇంజనీరు జాన్ నిస్ట్రామ్ 1862లో ఫిలడెల్ఫియాలో ఒక పుస్తకం వేశాడు. లెక్కలు, తూకాలు, నాణేలు అన్నీ పదహారు మీదే నడవాలన్నాడు. ఒకటికి ‘ఆన్’, రెండుకు ‘డి’, పదహారుకు ‘టాన్’ అని పేర్లూ పెట్టాడు. లోకం పట్టించుకోలేదు. 1950లలో యంత్రాలకే ఆ అవసరం వచ్చింది. 1956 నాటి బెండిక్స్ జి-15 కంప్యూటర్ పది నుంచి పదిహేనుకు యు, వి, డబ్ల్యూ, ఎక్స్, వై, జెడ్ గుర్తులు వాడింది. 1964లో ఐబీఎం తెచ్చిన సిస్టమ్/360తో ఏ నుంచి ఎఫ్ వరస స్థిరపడింది. పేరు మాత్రం రెండు భాషల కలయిక. ‘హెక్సా’ గ్రీకులో ఆరు, ‘డెసిమల్’ లాటిన్ పది నుంచి వచ్చింది.

మన పెద్దలకు ఈ లెక్క కొత్తేమీ కాదు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి పదహారణాలు. సగం చేస్తే అర్ధరూపాయి, అందులో సగం పావలా, దానిలో సగం బేడ, ఇంకా సగం అణా. పాత తెలుగు కొలతలో మానికకు పదహారు గిద్దెలు, కుంచానికి పదహారు సోలలు, తూముకు పదహారు మానికలు. పదహారో వంతుకు వీసం అని పేరు. ‘వీసమెత్తు’ అని ఇప్పటికీ అంటున్నాం. ‘హళ్ళికి హళ్ళి’ అనే సామెతలోని హళ్ళి భిన్నాల లెక్కలో సున్నా. ధాన్యం కొలిచే మనిషికి సగంలో సగం చేయడం తేలిక. పదిని రెండుసార్లు సగం చేస్తే రెండున్నర దగ్గర చిక్కుపడతాం, పదహారు ఒకటి దాకా చక్కగా విరుగుతుంది. రెండ్ల మీద నడిచే యంత్రానికీ అదే సుళువు.

అక్షరాలకు ఈ సంఖ్యలు కేటాయించేది యూనికోడ్. 1991లో వెలువడిన దాని మొదటి ప్రమాణంలోనే తెలుగుకు 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు 128 గదులు దక్కాయి. 2008లో వాటిలోకి మన పాత భిన్నాల గుర్తులు చేరాయి. పావుల లెక్కకు నిలువు గీతలు, వీసాల లెక్కకు అడ్డగీతలు. చిట్టచివరి గది 0సి7ఎఫ్ తూము గుర్తుది. 2014లో, పాత శాసనాల్లో ఉండి తర్వాత మన నోటి నుంచి జారిపోయిన ‘ఴ’ అక్షరానికి 0సి34 ఇచ్చారు.

మనం మొదట టైపు చేసిన ఎర్రగుంట్ల మండలంలోనే కలమల్ల అనే ఊరు ఉంది. రేనాటి చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన, క్రీ.శ. 575 నాటిదని చెప్పే తొలి తెలుగు శాసనం అక్కడిదే. ఆనాడు రాతిమీద ఉలితో నిలబెట్టిన అక్షరాలను ఈనాడు పదహారు గుర్తుల లెక్క నిలబెడుతోంది. పిల్లలకు హెక్సాడెసిమల్ నేర్పే ఉపాధ్యాయులైతే మానిక, సోల, అణాలతో పాఠం మొదలుపెట్టండి. ఇంట్లో పెద్దలుంటే వీసం, బేడల లెక్క అడిగి రాసిపెట్టుకోండి. ఆ పాత లెక్కల గుర్తులకు యంత్రంలో చోటు దొరికింది. వాటి అర్థం మాత్రం మనమే కాపాడుకోవాలి.