బొగ్గుబాయిలో ఆడవాళ్ల పని

అక్కలారా! శ్రీరాంపూర్ బొగ్గుబాయిలు మన నస్పూర్ పక్కనే ఉన్నాయి. కానీ బాయి లోపల ఆడవాళ్లకు పని ఇవ్వొద్దని 1952 గనుల చట్టం చెప్పింది.

గనుల భద్రత చూసేది కేంద్ర ప్రభుత్వ ఆఫీసు. ప్రమాదం ఉంటే అక్కడి అధికారి పని ఆపించగలడు. కానీ చట్టం వద్దన్న పనికి తన ఇష్టంతో "సరే" అనలేడు. చట్టం ఎంత ఇస్తే అంతే అతని అధికారం.

మరి దారి ఏది? చట్టాన్ని సడలించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి ఉండె. 2019లో దాన్ని వాడింది. సాంకేతిక, మేనేజర్ పనులకు ఆడవాళ్లు పగటిపూట బాయిలోకి దిగొచ్చన్నది. బొగ్గు నింపే పనికి అప్పుడు ఒప్పుకోలేదు.

2025 నవంబర్ 21న కొత్త కార్మిక చట్టం అమలులోకి వచ్చింది. అన్ని పనులకూ ఆడవాళ్లు అర్హులే అన్నది. రాత్రి పనికి మాత్రం ఆమె ఒప్పుకోవాలి.

ఒప్పుకునుడు, కాదనుడు మన ఇష్టం. ఎవరో చెప్పారని వేలిముద్ర వేయొద్దు. కాగితం చదివే సంతకం పెడదాం.