సన్నాయి దొరకడం కాదు, నోటికి కుదరడం కష్టం

ఆళ్లగడ్డ: కనుమ నాడు అహోబిలం నరసింహస్వామి పార్వేటకు కొండ దిగుతాడు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరిగి, నలభై రోజులు దాటాక గానీ మళ్లీ గుడికి చేరడు. పల్లకి ఊరి పొలిమేర తొక్కగానే మేళం అందుకోవాలి. తెలుపు మీద స్వామిని దించేదాకా ఆగకూడదు. తెల్లవారుజామున వణికించే చలి, మధ్యాహ్నం మట్టి రోడ్డు దుమ్ము, రాత్రి మళ్లీ ఊరేగింపు. ఇది కుర్చీ వేసి కూర్చోబెట్టే కచేరీ కాదు. నడుస్తూ, జనంలో తోసుకుంటూ ఊదాలి. మేళగాడి చేతిలో సన్నాయి అతనికి తగిందో కాదో తేలేది ఇక్కడే.

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల్లో మంగళవాద్యం మీద బతికే నాయీ బ్రాహ్మణ కుటుంబాల వారు కొత్త వాద్యం కావాలంటే మొదట అడిగేది, మంచి సన్నాయి ఎక్కడ దొరుకుతుందని. నిజానికి అడగాల్సింది అది కాదు. మంచి సన్నాయిలు చాలానే ఉన్నాయి. అందులో తన ఊపిరికి, తన వేళ్లకు, తను చేసే పనికి ఒదిగేది ఏదన్నదే అసలు చిక్కు. ఒకరి చేతిలో తేనెలా పలికిన వాద్యం ఇంకొకరి చేతిలో గొంతు పట్టేసినట్టు మూలుగుతుంది. దుకాణంలో నున్నగా మెరిసిందని, వెండి కట్లు వేశారని మోజుపడి కొన్నవాడు పెళ్లిళ్ల నెలలో తిప్పలు పడతాడు. ఒకసారి తాళి కట్టే వేళ అపస్వరం పలికితే మరుసటి ఏడు ఆ ఇంటివారు మరో మేళాన్ని పిలుస్తారు. డీజే పెట్టెలు వచ్చాక అసలే పిలుపులు తగ్గిన రోజులివి.

చూడ్డానికి సన్నాయి సాదా వస్తువే. పైన సన్నగా మొదలై కిందికి పోనుపోను వెడల్పయ్యే చెక్క గొట్టం. కింద గంటలా విచ్చుకునే అనుసు. పైన చిన్న లోహపు గొట్టం, దానికి గడ్డితో చేసిన పీక. వేళ్లతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. వాటికి కిందుగా మరో అయిదు ఉంటాయి. వాటి మీద వేలు పెట్టరు. మైనం పెట్టి కొంత పూడ్చి శ్రుతిని సరిచేసుకోడానికి అవి పనికొస్తాయి. ఇంత చిన్న సరంజామాలోంచి రెండున్నర స్థాయిల స్వరాలు రాబట్టాలి. హార్మోనియంలా మెట్టు నొక్కితే స్వరం పలికే వాద్యం కాదిది. రంధ్రం ఎంత మూశారు, పెదవి ఎంత బిగించారు, ఊపిరి ఎంత వదిలారు అన్న దాన్నిబట్టి స్వరం అటూ ఇటూ జరుగుతుంది. అందుకే వాద్యానికీ మనిషికీ పొత్తు కుదరాలి.

పొడవును బట్టి ఇందులో రకాలున్నాయి. పొట్టిది తిమిరి. దాని శ్రుతి ఎక్కువ, గొంతు కీచు, వీధి చివరిదాకా వినిపిస్తుంది. పొడవైనది పారి. సుమారు రెండున్నర అడుగులుంటుంది. శ్రుతి తక్కువ, నాదం గంభీరం. ఒకప్పుడు దక్షిణాదిలో అంతటా తిమిరిదే రాజ్యం. దాని మీద శుద్ధ మధ్యమం ఉన్నదున్నట్టు పలికించడం పెద్ద విద్వాంసులకూ కష్టమయ్యేది. తంజావూరు సీమకు చెందిన టి.ఎన్.రాజరత్నం పిళ్లై (1898-1956) ఈ లోటు భరించలేక, నరసింగంపేట రంగనాథన్ ఆచారితో కొత్త కొలతలతో వాద్యం చేయించుకున్నారు. గొట్టం పొడవైంది, శ్రుతి దిగింది, మధ్యమం కుదిరింది. విద్వాంసుడు పోరినందువల్ల పనివాడు కొలతలు మార్చాడు. తర్వాత అందరూ పారి వైపు మళ్లారు.

మన వైపు కుర్రాళ్లు కూడా పెద్ద విద్వాంసుల కచేరీలు విని పారి కావాలంటారు. కోరికలో తప్పు లేదు. అయితే గొట్టం పొడవు పెరిగితే రంధ్రాల మధ్య ఎడమూ పెరుగుతుంది. పదమూడు పద్నాలుగేళ్ల పిల్లవాడి వేళ్లు ఆ ఎడాన్ని అందుకోలేవు. కింది రంధ్రం పూర్తిగా మూతపడదు, గాలి జారిపోతుంది. షడ్జమం పలకాల్సిన చోట బుస్సుమంటుంది. పిల్లవాడికి విద్య రావడం లేదని ఇంట్లో అనుకుంటారు. వాడూ అదే అనుకుని వదిలేస్తాడు. తాతగారి వాద్యం అటక మీద ఉంది కదా, కొత్తది ఎందుకని మనవడి చేతికిచ్చే ఇళ్లలో తరచుగా జరిగేది ఇదే. తాత ఆరడుగుల మనిషి, మనవడికి ఇంకా మీసం రాలేదు. చెప్పుల జత కొనేటప్పుడు కాలు కొలుస్తారు గదా, సన్నాయి ఇచ్చేటప్పుడు వేళ్లు కొలవరు. మొదట తిమిరి మీదనో, రెండింటికీ మధ్యస్థంగా ఉండే ఇడై పారి మీదనో సాధన చేయించి, చేయి సాగాక పారి ఇస్తే ఈ బాధ ఉండదు.

పొడవు కుదిరినా పీక కుదరకపోతే లాభం లేదు. వాద్యం మీద వేసే నిందల్లో సగం నిజానికి పీకవే. కావేరి గట్ల మీద పెరిగే కొరుక్కై అనే రెల్లుతో దీన్ని చేస్తారు. తమిళులు శీవాళి అంటారు. పీక గట్టిదైతే ఊపిరి ఎక్కువ తింటుంది, నాదం బలంగా వస్తుంది. మెత్తనిదైతే తేలిగ్గా పలుకుతుంది, గట్టిగా ఊదితే మాత్రం శ్రుతి తప్పుతుంది. ఛాతీ బలమున్న పాతికేళ్లవాడికి నచ్చిన పీక అరవై ఏళ్ల పెద్దాయనకు నప్పదు. అందుకే మేళగాళ్ల సన్నాయికి దారంతో అరడజను పీకలు, వాటిని సరిచేసే సూదీ వేలాడుతుంటాయి. చూసేవారు అలంకారమనుకుంటారు. కొత్త సన్నాయి చూడబోయేవాడు తన పాత పీకలు తనవెంట తీసుకెళ్లాలని పెద్దలు చెప్పేది ఇందుకే. అమ్మేవాడి పీకతో ఊది చూస్తే తెలిసేది పీక సంగతే, గొట్టం సంగతి కాదు.

ఊది చూడడానికీ ఒక పద్ధతుంది. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని మంద్రం నుంచి తారస్థాయి వరకు ఒక్కో స్వరం నిలిపి చూడాలి. శంకరాభరణం నాలుగు సంగతులు ఊదితే శుద్ధ మధ్యమం బయటపడుతుంది. కల్యాణి ఊదితే ప్రతి మధ్యమం బయటపడుతుంది. రెండూ పెదవి మీద బలవంతం లేకుండా రావాలి. గట్టిగా ఊది సంతోషపడిపోకూడదు. మెల్లగా ఊదినప్పుడు గొంతు చెదరకుండా నిలిచేదే నమ్మదగిన వాద్యం. తోడు వెళ్లిన మనిషిని వీధికి అవతల నిలబెట్టి వినమనాలి. చెవి దగ్గర బ్రహ్మాండంగా మోగి పది గజాల్లో చచ్చిపోయేవి కొన్నుంటాయి. ఊరేగింపుకు అవి పనికిరావు. ఆఖరుకు, నిలబడి నాలుగడుగులు నడుస్తూ కూడా ఊదాలి. కూర్చుని ఊదితే బరువు తెలియదు. నడిస్తే మణికట్టు చెబుతుంది.

నంద్యాల ఎండల సంగతి వేరే చెప్పాలి. గొట్టంలోని గాలి వేడెక్కితే అందులో శబ్దం వేగం పెరుగుతుంది, శ్రుతి పిసరు పైకి లేస్తుంది. చల్లబడితే దిగుతుంది. పుష్యమాసం తెల్లవారుజామున పార్వేటలో శ్రుతిపెట్టెకు సరిపోయిన సన్నాయి, వైశాఖంలో నలభై డిగ్రీల ఎండలో పెళ్లి పందిట్లో సరిపోదు. పీకను కాస్త పైకి లాగి, కాస్త లోపలికి నొక్కి సర్దుకుంటారు. మరీ తేడా వస్తే మైనం సర్దాలి. చల్లని గదిలో కూర్చుని ఒక్కసారి శ్రుతి చూసుకుని కొన్నవాడికి ఈ సర్దుబాటుకు చోటు మిగలదు. పైగా ఈ పొడి గాలికి పచ్చి చెక్క నెర్రెలిస్తుంది. నెర్రె కంటికి కనిపించకముందే గాలికి కనిపిస్తుంది.

చెక్క విషయంలో నరసింగంపేట వారి పట్టుదల మెచ్చుకోదగింది. కుంభకోణానికి దగ్గర్లో ఉన్న ఈ ఊరి నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. అక్కడ వాడేది ఆచ్చా మాను. అది ఎక్కడి చెట్టో కాదు, మన రాయలసీమ అడవుల్లోని నారేపి చెట్టే. నీళ్లలో వేస్తే మునిగేంత బరువైన చేవ. చెట్టు కొట్టి అప్పటికప్పుడు చేయరు. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చే దూలాలు, స్తంభాలు కొంటారు. డెబ్బై, వంద ఏళ్లు ఇంటి కప్పు మోసి, తడి అంతా పోయిన చెక్క ఇక వంగదు, పగలదు. ఇక్కడ ఇల్లు కొత్తగా కట్టుకునేవారు పాత దూలాన్ని పొయ్యిలోకి పెడుతుంటారు. అది నారేపి అయితే ఎంత నష్టమో వారికి తెలియదు.

ఆళ్లగడ్డ శిల్పులకు ఈ మాట వేరే చెప్పనక్కర్లేదు. వారు రాయిని సుత్తితో తట్టి, మోగే తీరును బట్టి పురుష శిల, స్త్రీ శిల, నపుంసక శిల అని తేలుస్తారు. సన్నాయి చేసేవారూ చెక్కను తట్టి వింటారు. కుంభకోణం ఆదికుంభేశ్వరుని గుడిలో రాతితో చేసిన నాదస్వరమే ఉంది. శిల్పి సాహసానికి మొక్కాలి గానీ, దాన్ని మోస్తూ పార్వేట తిరగమంటే ఎవరూ ముందుకు రారు.

మేళంలో సన్నాయి ఒంటరిది కాదు. చాలా మేళాల్లో ఇద్దరు ఊదుతారు. ఇద్దరి వాద్యాలూ ఒకే శ్రుతిలో, వీలైతే ఒకే పనివాడి చేతిలో తయారై ఉండాలి. అన్నదమ్ముల్లో ఒకరు తనకు నచ్చిందని వేరే వాద్యం తెచ్చుకుంటే జంట చెడుతుంది. జంట అంటే ఎలా ఉండాలో తెలియాలంటే 2021లో పద్మశ్రీ అందుకున్న షేక్ మహబూబ్ సుబానీ, కాలీషాబీ దంపతులను వినాలి. ఇద్దరు ఊదుతున్నారని కళ్లు మూసుకుంటే తెలియదు. వారు కర్నూలు శారదా సంగీత కళాశాలలో చదువుకున్నవారే. కాలీషాబీ గారిని చూసైనా, ఆడపిల్లల ఊపిరికి సన్నాయి తూగదనే పాత మాట మానుకోవాలి. అది బలం లెక్క కాదు, పీక లెక్క. ఒంగోలు దగ్గర కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా, తంజావూరు బాణీ మీద మనసుపడి తమిళ గురువుల దగ్గర మళ్లీ నేర్చుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో సంగీత కళానిధి అయ్యారు. బాణీ మారితే చేతిలో వాద్యం కూడా ఆ బాణీకి తగ్గట్టు ఉండాల్సిందే.

నంద్యాల బ్యాండు మేళాల్లోని పెద్ద బాకాకూ ఇదే లెక్క. ఒంటికి చుట్టుకుని భుజాన మోసే ఆ ఇత్తడి బాకా, దొరల దేశంలో ట్యూబా అనే వాద్యం సంతానం. ట్యూబా 1835లో బెర్లిన్‌లో పుట్టింది. నడుస్తూ ఊదడానికి వీలుగా దాన్ని భుజం మీదికి వంచింది 1890లలో అమెరికాలో. పెద్ద రకం బాకాలో చుట్టలు విప్పితే గొట్టం పద్దెనిమిది అడుగులు తేలుతుంది. బరువు పది కిలోలు దాటుతుంది. మన బ్యాండ్ల వాద్యాలు చాలావరకు మీరట్ నుంచి వస్తాయి. అక్కడి జలీ కోఠీ వీధిలో ఇత్తడి పనిదే ఊసు. ఇక్కడ కూడా పొట్టివాడికి పెద్ద బాకా తగిలిస్తే వాడు బాకాను మోస్తాడే గానీ ఊదలేడు. నోటికి ఆనించుకునే గిన్నె పెదవికి మరీ వెడల్పైతే గంటలో పెదవి వాచిపోతుంది. మీటల మీద చేయి వంకర లేకుండా ఆనాలి. మీటలు నొక్కి వదిలితే వెంటనే పైకి లేవాలి. పాత బాకా కొనేవారు పైపూత మెరుగు చూసి మోసపోతుంటారు. గొట్టంలో సొట్టలు ఎక్కడెక్కడ మాటేసి తీశారో చేత్తో తడిమి చూడడం మంచిది.

దూరం వెళ్లలేనివారు తిరుపతిలో దేవస్థానం నడిపే నాదస్వర, డోలు పాఠశాలలో చదివే మన ప్రాంతపు పిల్లలను కలిస్తే సగం పని అవుతుంది. వారి చేతుల్లో తిమిరి, పారి రెండూ పట్టి చూడవచ్చు. ఎన్నో శ్రుతి కావాలో అక్కడే తేల్చుకుని ఆ తర్వాత తంజావూరు రైలెక్కితే దారి ఖర్చు దండగ కాదు. పనివాడికి మాటలతో చెప్పడం కంటే ఎదురుగా కూర్చుని ఊది చూపడం మేలు. తెలుగు, తమిళం భాషలు వేరైనా అపస్వరం ఇద్దరికీ ఒకేలా వినిపిస్తుంది.

ఆషాఢంలో ముహూర్తాలుండవు గనుక మేళగాళ్లు ఈ ప్రయాణాలు ఆ నెలలో పెట్టుకోవడం మంచిది. తెచ్చిన వాద్యాన్ని శ్రావణం మొదటి పెళ్లికే బయటికి తీయకూడదు. కొత్త చెక్కకు లోపల నూనె పట్టించి, రోజూ కొద్దికొద్దిగా ఊదుతూ తడికి అలవాటు చేయాలి. అంతవరకు శ్రావణం పెళ్లిళ్లు పాత సన్నాయితోనే గడపాలి.